ఎర్ర కారు ఊపిరిగొట్టం

బావ పది నంబరు స్పేనర్ అడిగితే నేను స్క్రూడ్రైవర్ అందించాను. అతను నా వైపు చూశాడు. నేను మాత్రం ఇంజన్ వైపు చూస్తున్నాను. విరిగిన ఫిల్టర్ డబ్బా పీకేశాక అక్కడ గుండ్రంగా ఒక కన్నం మిగిలింది, నా చేతి గాజంత ఉంది, లోపలంతా నలుపు. ఇన్నేళ్లూ ఈ బండి ఆ కన్నంలోంచే గాలి పీల్చుకుందట. దాన్ని నోరనాలో ముక్కనాలో నాకు తెలీదు గానీ, ఓలమ్మా, కారంటే పెట్రోలు తాగి నడిచేది అనుకున్నాను ఇన్నాళ్లూ, దానికి గాలి కూడా కావాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో, కుట్టుమిషను మీద కూచుంటే నాకు ఎవరి మాటా చెవికెక్కదు. ఇప్పుడు చూస్తుంటే ఒళ్ళు ఝల్లుమంటోంది. మనం ఎలా పీలుస్తామో అదీ అలాగే పీలుస్తుందా? ఇదే గాలిని? పొద్దున్నే చెరకు ట్రాక్టర్లు లేపిన దుమ్మూ, ఎవరింట్లోనో పోపు ఘాటూ, ఊరవతల బెల్లం వండుతున్న తియ్యటి వాసనా, అన్నీ కలిసిన ఈ చోడవరం గాలిని?

“ఏటే, నిలబడి నిద్రోతన్నావేటి? పది నంబరంటే పది నంబరు.”

“ఇస్తన్నాను, ఉండు. నీ అరుపులికి నంబర్లన్నీ కలిసిపోతన్నాయి.”

జాబేజ్ నా మొగుడు, అంతకుముందు నా మేనబావ, అందుకని మేము పోట్లాడుకుంటే ఏ పోట్లాట మొగుడూపెళ్ళాలదో ఏది చిన్నప్పటిదో మాకే తెలియదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి దిమ్మలు మోసే వ్యాను నడుపుతాడు. బండి నడపడం వచ్చు, విప్పడం అంతకన్నా బాగా వచ్చు, బిగించేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఒక నట్టు మిగిలిపోతుంది. మిగిలింది చూపిస్తే అది కంపెనీవాడు ఎక్కువ పెట్టాడంటాడు. మామూలు రోజైతే నవ్వుకునేదాన్ని. ఇవాళ నవ్వు రావడం లేదు, ఇవాళ ఒక్క నట్టు మిగిలినా నా ప్రాణం పోయేలా ఉంది, ఎందుకంటే ఈ బండి ఇవాళ బయల్దేరి రేపటికి అనంతపురం చేరాలి. రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకి. అక్కడ శిశుగృహ గేటు దగ్గర ఈశ్వరి నిలబడి ఉంటుంది.

ఈశ్వరి మా కూతురు. ఇంకా కాలేదు, అవుతుంది. మూడేళ్లు దాటాయట. దత్తతకి కంప్యూటర్లో మా వంతు వచ్చి, ఆ ఫోటో నా ఫోనులో వెలిగిన రోజున నేను జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను, సూది వేల్లో దిగింది, దిగినట్టు తెలియలేదు. మీ ఇల్లూ మీరూ ఎలా ఉంటారో వీడియో తీసి పంపండి, పాపకి అలవాటవుతుంది అన్నారు అక్కడివాళ్లు. నేను మంచి చీరకి ఇస్త్రీ చేసుకుని కట్టుకున్నాను, పౌడరు రాసుకున్నాను, నేను నీ అమ్మనమ్మా అని చెప్పాను, గొంతు బొంగురు పోయిందని మళ్లీ చెప్పాను, మళ్లీ తీయించాను. బావ చెయ్యి ఊపాడు. నా కుట్టుమిషను చూపించాం, వాకిట్లో జామచెట్టు చూపించాం, చివర్న బావ సందులోంచి కారు తిప్పి లోపలికి తెచ్చేది కూడా తీశాం. అంతే, ఆ పిల్ల నన్ను చూడలేదు. బావని చూడలేదు. కారుని చూసింది. అక్కడి ఆయమ్మ నాగవేణి ఫోను చేసి, “పాప ఆ ఎర్రకారు ముక్కే మళ్లీ మళ్లీ పెట్టమంటాంది మేడమ్” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక ఏడ్చాను. ఇంత వయసొచ్చి ఒక కారు మీద ఈర్ష్య పడ్డాను, సిగ్గులేకపోతే సరి.

తర్వాత ఆయమ్మే అసలు సంగతి చెప్పింది. మాకన్నా ముందు ఇంకో జంట వచ్చారట, బొమ్మ ఇచ్చారట, ముద్దు పెట్టారట, మళ్లీ వస్తామన్నారట. రాలేదు. అప్పట్నుంచీ ఆ పిల్ల మనుషుల మాట నమ్మదు. బొమ్మని కూడా ఎవరికో ఇచ్చేసింది. కారుని నమ్మింది. ఎర్రకారు యాడుంది, ఎప్పుడొస్తాది అని అడుగుతూ గేటు ఊచలు పట్టుకుని నిలబడుతుందట, రోడ్డు మీద ఎర్రటిది ఏది పోయినా అడుగు ముందుకు వేసి, అది కాదని తెలిసి వెనక్కి వేస్తుందట. అది విన్నాక రైలు మాట ఎవరెత్తినా నేను ఊరుకోలేదు. చుట్టాలు చెప్పారు, దువ్వాడలో ఎక్కితే హాయిగా పడుకుని పోవచ్చని. పడుకోండి మీరు, అన్నాను. నా కూతురు కారు కోసం చూస్తోంది. కారే వెళ్తుంది.

ఆ మాట ఎవరు విన్నారో మరి, పది రోజుల కిందట కారు దగ్గడం మొదలుపెట్టింది. దేవరాపల్లి దాకా వెళ్లి వస్తుంటే ఎత్తు ఎక్కేచోట ముక్కి మూలిగి ఆగిపోయింది. మెకానిక్కు సత్తిబాబు వచ్చి బానెట్టెత్తి, ఫిల్టర్ డబ్బా మూత తీసి, ఒక్క అడుగు వెనక్కి వేశాడు. లోపల ఎలక గూడు. ఫిల్టర్ కాయితం అంతా కొరికి, చెరకాకు పీచు తెచ్చి, నా కుట్టుషాపులోంచి దారం ముక్కలు తెచ్చి, నా సాటిన్ లైనింగ్ పీలికలు తెచ్చి, మధ్యలో గుంట చేసి, ఆ గుంటలో పిల్లలు. గులాబిరంగువి, కళ్ళు తెరవనివి, చిటికెన వేలంత కూడా లేవు. నేను వంగి చూశాను. ఊపిరి తీస్తున్నాయి. ఒంటి మీద వెంట్రుక లేదు, చూపు లేదు, కానీ పక్కలు మాత్రం ఎగిరి పడుతున్నాయి, ఇంజన్ ఊపిరి పీల్చే దారిలో పడుకుని. ఎంత ధైర్యం ఆ తల్లి ఎలక్కి! రోజూ గర్జించే ఇనుము గొంతులో పురుడు పోసుకుంది! సత్తిబాబు కర్ర పట్టుకోబోతే బావే ఆపాడు, గూడు మొత్తాన్ని రెండు చేతుల్లో ఎత్తి కొబ్బరిచిప్పలో పెట్టి గోడ వారన ఉంచాడు. సాయంత్రానికి చిప్ప ఖాళీ. తల్లి వచ్చి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని పోయింది. నేను ఆ ఖాళీ చిప్ప దగ్గర చాలాసేపు కూచున్నాను.

డబ్బా మాత్రం అడుగంతా కొరికేసి పెళుసై విరిగిపోయింది. ఆ మోడలు బళ్ళు ఇప్పుడు రావట, విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగినా ఉన్నవీ పగిలినవే. ఫిల్టర్ లేకుండా అంత దూరం పోతే దుమ్మంతా ఇంజన్ కడుపులోకి పోయి మధ్యదారిలో ప్రాణం వదిలేస్తుందని సత్తిబాబు తేల్చేశాడు. చివరికి అతనే ఫోనులో వెతికి ఈ కొత్త గొట్టం ఆర్డరు పెట్టించాడు. బెంగళూరు నుంచి వచ్చింది. మెరిసే గొట్టం ఒకటి, వంపు తిరిగి ఉంటుంది, దాని కొసకి ఎర్రటి ఫిల్టరు, ఐస్క్రీం కోనుని బోర్లించినట్టు. దాన్ని ఇంజన్ మూతికి కలపడానికి మెత్తని రబ్బరు తొడుగు, బిగించడానికి ఉక్కు పట్టీలు. “ఇది కుర్రోళ్ళు ఏసుకుంటారక్కా, రయ్యిమని సౌండొస్తాదని. మనకి సౌండుతో పని నేదు, గాలి ఎల్తే సాలు” అన్నాడు సత్తిబాబు. అన్నాడు, ఇవాళ పొద్దున్నే వచ్చి బిగిస్తానన్నాడు, పొద్దున్నే ఫోను చేస్తే రావికమతంలో ఉన్నాడు, వాళ్ల వదిన కూతురికి నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాడట. ఏమంటాను? ఆ గుంట క్షేమంగా కననీ, మేము బిగించుకుంటాం అన్నాను. అని వాకిట్లోకొచ్చాను.

“ఒసే, ఆ కన్నంలోకి ఏదైనా పడిపోద్దే. ఓ గుడ్డముక్క కుక్కు ముందు.”

గుడ్డముక్క అంటే నాకు వెతుక్కోవాల్సిన పని లేదు, నా జేబులో, నా సంచిలో, నా తల కింద, ఎక్కడైనా గుడ్డముక్కలే. చేతికొచ్చింది పసుపుపచ్చది, తెల్ల పూలది. ఈశ్వరి గౌను కుట్టగా మిగిలిన ముక్క. దాన్ని మడిచి ఇంజన్ మూతిలో పెట్టాను, పాలు తాగిన పిల్ల మూతి తుడిచినంత మెల్లిగా. ఎన్ని వందల మందికి కుట్టి ఉంటాను, చీడికాడ నుంచి కూడా వస్తారు నా దగ్గరికి, ఎవరికైనా టేపు పెట్టే కుట్టాను, టేపు లేకుండా కుట్టింది ఈ ఒక్క గౌనే. ఆయమ్మని కొలతలడిగితే ఆవిడ దగ్గర టేపు లేదు. బెత్తెలతో చెప్పింది. భుజం ఇంత, నడుము ఇంత అని ఫోనులో చెయ్యి చాపి చూపించింది. ఆవిడ బెత్తె ఎంతో నాకేం తెలుసు! రాత్రంతా కత్తెర పట్టుకుని గుడ్డ ముందు కూచున్నాను. అప్పుడు అనిపించింది, నిజంగా ఒక భుజం ఉంది. ఎక్కడో అంత దూరంలో, ఈ క్షణాన, నేను కొలవని భుజం ఒకటి ఉంది, అది ఎదుగుతోంది, నేను కత్తిరించేలోపు కూడా ఎదుగుతోంది. చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్ళు కడుపులో పడాలని ఎదురుచూశాను, టెస్టులకెళ్ళాను, మందులు మింగాను, బావ సైతం నాతో పాటు ఆసుపత్రి బల్లల మీద కూచుని కూచుని డీలాపడిపోయాడు. నా బిడ్డ ఎక్కడో నాకు తెలియకుండా పుట్టేసి, పళ్ళు వచ్చేసి, నడిచేసి, ఎర్ర కారుని ఇష్టపడటం కూడా నేర్చేసుకుంది. దేవుడు ఇలా కూడా ఇస్తాడా అనుకున్నాను. కాస్త వదులుగానే కత్తిరించాను.

బావ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి పెట్టి చూస్తున్నాడు. బ్యాటరీకి తగులుతోందని తీస్తాడు, మళ్ళీ పెడతాడు. నొసటి మీద చెమట. నేను టార్చి పట్టుకున్నాను, ఎండ వచ్చేసినా లోపల చీకటే. ఈ బానెట్టు కింద ఇంత ఊరుందని నాకు తెలియదు. గొట్టాలూ తీగలూ సందులూ గొందులూ, ఎక్కడినుంచి ఏది ఎటు పోతుందో, ఒక్కటీ దారి తప్పదు. ఈ బండి మీదే డ్రైవింగు నేర్చుకున్నాను, రైవాడ రిజర్వాయరు గట్టు మీద. పక్కన నీళ్ళు చూసి కళ్ళు మూసుకున్నాను, స్టీరింగు పట్టుకుని. బావ కేకలేసి బ్రేకు మీద నా కాలు తొక్కాడు. అప్పుడు కూడా ఇది ఊపిరి పీలుస్తూనే ఉంది కదా, ఆ నీళ్ళ మీది గాలిని. నేను భయపడినప్పుడు నా గుండె కొట్టుకున్నట్టే దీనిదీ కొట్టుకుందేమో. మనం ఎక్కి కూచుంటాం, దిగిపోతాం, తాళం తీసి జేబులో వేసుకుంటాం. ఎప్పుడైనా ఒక్కసారి ఎత్తి చూశామా లోపల ఏం జరుగుతోందో? నా లోపలేం జరుగుతోందో కూడా నేను చూడలేదు, డాక్టరమ్మ తెరమీద చూపించేదాకా.

ఒక్క భయం మాత్రం లోపల కదులుతూనే ఉంది, ఎవరికీ చెప్పలేదు, బావకి కూడా. కారు వెళ్తుంది సరే. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి కారు ఎక్కుతుంది సరే. నా దగ్గరికి రాకపోతే? వెనక సీట్లో మూల కూచుని, నేను చెయ్యి చాపితే ముఖం తిప్పేసుకుంటే? కారుని నమ్మిన పిల్ల నన్నెందుకు నమ్మాలి? నేనేం ఎర్రగా ఉన్నానా, నాకేం చక్రాలున్నాయా? తప్పు, అలా అనుకోకూడదు. కానీ అనుకుంటున్నాను.

“అయిపోయిందా? నట్లు బిగించేయకండి, నన్ను రానీండి.”

మణెమ్మత్త మెట్లు దిగుతోంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఒక్కొక్క మెట్టుకీ ప్రభువా ప్రభువా అనుకుంటూ. నాకు మేనత్త, అత్తగారు, రెండూ ఆవిడే. మా ఇంట్లో దూరప్రయాణానికి ప్రార్థన లేకుండా చక్రం కదలదు, అది అందరి ఇళ్ళలోనూ ఉంటుంది, కానీ ఆవిడది వేరే లెక్క. జబ్బు మనిషికి ఎక్కడ నొప్పో అక్కడ చెయ్యి వేసి ప్రార్థన చెయ్యాలంటుంది. దుప్పటి కప్పేశాక కాళ్ళ దగ్గర నిలబడి చేసేది ప్రార్థన కాదట. అందుకని బండికి కూడా మూత తెరిచి ఉన్నప్పుడే, సామాను విప్పి ఉన్నప్పుడే, ఇంజన్ మీదే చెయ్యి వెయ్యాలి. బావ వ్యాను గేరుబాక్సు దింపినప్పుడు కూడా గ్రీజులో చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఎవరేమన్నా వినదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పిల్ల మాట మొదట ఎత్తినప్పుడు ఆవిడ “ఎవుల గుంటో, ఏటో” అంది, ఎవరు కన్న బిడ్డో అన్నట్టు. అంతే, మళ్ళీ నోరు మెదపలేదు. వద్దనలేదు, సరేననలేదు. ఫోటో చూపిస్తే కళ్ళజోడు లేదంది. పేరు చెబితే చెవి వినపడదంది. మాకు ఆ చెవీ తెలుసు, ఆ కళ్ళజోడూ తెలుసు. నేను కూడా బతిమాలలేదు, నాకూ రోషం ఉంది. ఈ నెలలన్నీ ఒకే వంటింట్లో ఇద్దరం తిరుగుతూ ఆ పేరుని మాత్రం గుమ్మం బయటే ఉంచేశాం.

చున్నీ ఇంజన్ ఫ్యానులో చిక్కుకుంటుందని పొద్దున్నే తీసి గేటు మీద వేశాను, ప్రార్థనకి తల మీద ముసుగు లేకపోతే అత్త ఊరుకోదు, బావ భుజం మీది తుండుగుడ్డ లాగి నెత్తిన వేసుకున్నాను. ముగ్గురం వంగి చేతులు పెట్టాం. ఇనుము చల్లగా ఉంది. కళ్ళు మూసుకున్నాను.

“దయగల తండ్రీ, మట్టిముద్దకి ముక్కులోకి ఊపిరి ఊదినోడివి నువ్వు. ఈ ఇనపముద్దకి కూడా ఊదు ప్రభువా. ఈళ్ళు ఏటి బిగించేరో ఏటి ఒగ్గేసేరో నాకు తెల్దు, నీకు తెలుసు. దారిలో లారీలోళ్ళకి నిద్రట్టకుండా సూడు తండ్రీ. నా కొడుక్కి కోపం తగ్గించు. నా మేనకోడలికి…” అక్కడ ఆగింది. సందు చివర చెరకు ట్రాక్టరు ఒకటి గడగడమని పోయింది, అది పోయేదాకా ఆగిందేమో అనుకున్నాను. ట్రాక్టరు పోయింది, అత్త ఇంకా ఆగే ఉంది. తర్వాత ఎప్పుడూ వినని గొంతు ఒకటి వినిపించింది, సన్నగా. “మన ఈశ్వరి అక్కడ గేటు కాడ నిలబడుంటాదట ప్రభువా. ఎక్కువసేపు నిలబెట్టకు తండ్రీ. పసిదాని కాళ్ళు పీకుతాయి.”

ఆమేన్ ఎవరన్నారో తెలియదు. నేను అనలేదు. మన ఈశ్వరి అంది. మన. కళ్ళు తెరిస్తే ఆవిడ అప్పటికే వెనక్కి తిరిగి మెట్లెక్కుతోంది, ఏమీ జరగనట్టు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. బావ ముక్కు తుడుచుకుని నా వైపు చూడకుండా రబ్బరు తొడుగు తీసుకున్నాడు, మూతికి తొడిగాడు, నేను పట్టీ పట్టుకున్నాను, అతను తిప్పాడు, గొట్టం కూచుంది, సెన్సారు ప్లగ్గు క్లిక్కుమంది, ఎర్ర ఫిల్టరు దాని చోట్లో అది చక్కగా అమరింది. మా చేతులే అన్నీ చేసుకుపోయాయి, మేమిద్దరం ఎక్కడో ఉన్నాం. నట్టు ఒక్కటి కూడా మిగల్లేదు. బావ ఖాళీ అరచేతులు చూపించాడు నాకు, గర్వంగా.

తాళం తిప్పాడు. గిర్రుగిర్రున తిరిగింది, ఒకసారి అందుకోబోయింది, దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. మూడోసారికి ఆ దగ్గు కూడా లేదు, గొంతు పట్టేసిన మనిషిలా ఎగపోసి ఊరుకుంది. గేటు ఊచలు పట్టుకున్న వేళ్ళు కనిపించాయి నాకు, నేను ఎప్పుడూ చూడని ఆ వేళ్ళు. ఎర్రటిది ఏదో పోతుంది, అడుగు ముందుకు వేస్తుంది, వెనక్కి వేస్తుంది. మేము కూడా ఆ జంట లెక్కలోకే పోతామా? రైలెక్కి వెళ్ళి, నీ కారు పాడైపోయిందమ్మా, అని ఆ పిల్లతో ఎలా చెప్పాలి? అది ఏమీ అనదు. అదే భయం. ఏడవదు, అడగదు, ఇక ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగదు.

“సెన్సారు పోయినట్టున్నాది. నేదంటే ఇది మన బండిది కాదు, ఏరేదాందేదో పంపేసేరు,” బావ స్టీరింగు మీద కొట్టాడు. “ఆ సత్తిబాబుగాడ్ని…”

“ఆడినెందుకు తిడతావు? ఆడు నొప్పులు పడతన్న గుంట కాడ ఉన్నాడు.”

చేతులు నల్లగా జిడ్డుగా ఉన్నాయి, తుడుచుకుందామని చూశాను. జేబులో లేదు. సంచిలో లేదు. బ్యాటరీ మీద లేదు, నేల మీద లేదు. పసుపుపచ్చ ముక్క ఏది? గుడ్డముక్క పోతే నాకు తోచదు, ఎంత పీలికైనా సరే, ఎక్కడ పెట్టానో చేతికి గుర్తుంటుంది. చెయ్యి గుర్తుచేసుకుంది.

“బావా! దాని నోట్లో గుడ్డ కుక్కేసి ఊపిరి పీల్చమంటన్నాం!”

బావ కారులోంచి ఎలా దూకాడో! పట్టీ వదులు చేసి తొడుగు లాగితే ఏముంది, గుడ్డ నేను పెట్టినట్టు మడతగా లేదు, లోపలి పలక మీదికి బిగుసుకుపోయి, డప్పు మీద తోలులా సాగి ఉంది. రెండు వేళ్ళతో లాగితే రాలేదు. తల మొత్తం లోపల పెట్టి, చెంప ఇనుముకి ఆనించి, గోళ్ళతో పట్టుకుని లాగాను. వచ్చింది. దాని మీద గుండ్రటి అచ్చు పడి ఉంది, నల్లగా. అమ్మో! మూడుసార్లు తాళం తిప్పినందుకే ఇంత బలంగా లాక్కుంది. గాలి కోసం గుడ్డనే మింగబోయింది. బతకడానికి ఎంత ఆత్రం! ప్రార్థనలో కళ్ళు మూసుకుని లేచిన మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు లేదు, మన ఈశ్వరి అన్న మాట ఒక్కటి మా బుర్రలన్నీ ఊడ్చేసింది. కోపం రాలేదు నాకు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బావ నవ్వేశాడు, బండి మీద వాలిపోయి, చిన్నప్పుడు గోడ మీంచి పడి నవ్వినట్టు.

మళ్ళీ తొడిగాం. మళ్ళీ బిగించాం. ఈసారి ఇద్దరం చెరొక వేలూ లోపల పెట్టి చూసుకున్నాకే.

తాళం తిప్పాడు. అందుకుంది. అందుకోవడం కాదు, ఒక్కసారి గుండెల నిండా లాక్కుంది, ఎన్నేళ్ళుగానో మూసి ఉన్న గదిలోంచి బయటికొచ్చినట్టు, నేను ఈ బండిలో ఎప్పుడూ వినని శబ్దం, లోతుగా, గొంతు విప్పి. జామచెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఎదురింటాయన పరదేశి బ్రష్షు నోట్లోనే ఉంచుకుని గేటు దగ్గరికి వచ్చాడు. నేను ఎర్ర ఫిల్టరు దగ్గర అరచెయ్యి పెట్టాను, తాకించకుండా. లాగుతోంది. నా చెయ్యిని లాగుతోంది, మెత్తగా, విడవకుండా, పసిపిల్ల వేలు పట్టుకుంటే లాగుతుందని అంటారే, అలా ఉంటుందేమో, నాకు తెలియదు. నేను వదిలిన ఊపిరి అందులోకి పోతోంది. బెల్లం వాసన పోతోంది. కొండల మీంచి చీడికాడ దాటి వచ్చిన గాలి ఇప్పుడు ఈ గొట్టంలోంచి పోయి నిప్పై చక్రమై రోడ్డవుతుంది. రేపు ఇదే ముక్కు అనంతపురం గాలి పీలుస్తుంది, ఆ పిల్ల పీల్చే గాలే. ఎవరు చేశారమ్మా ఇదంతా, ఎవరికి తోచింది? గాలి కంటికి కనపడదు, అయినా దాని మీదే అన్నీ నడుస్తున్నాయి, ఎలకపిల్ల దగ్గర్నుంచి లారీ దాకా, అత్త ప్రార్థన కూడా అదే గాలి మీద పోయింది. నేను అలా చెయ్యి చాపి నిలబడిపోయాను, బావ పిలుస్తున్నా వినపడలేదు.

ఫోను మోగిందట, ఆ మోతలో నాకేం తెలుస్తుంది? అత్త పట్టుకొచ్చింది, మెట్లు ఎలా దిగిందో ఈసారి ప్రభువా అనుకోలేదు. వీడియోకాల్. ఆయమ్మ నాగవేణి. “మేడమ్, పాప పొద్దున్నుంచి ఏమీ తినల్యా. ఎర్రకారు బయల్దేరల్యా అని ఒకటే అడగతాంది. కొంచెం చూపించండి, తింటాదేమో.”

అత్తే ఫోను కారు వైపు తిప్పింది. బానెట్టు తెరిచి, వణుకుతూ, గర్జిస్తూ ఉన్న మా ఎర్ర కారు. తెర మూలలో ఆ పిల్ల కనిపించింది, ఆయమ్మ చీర కొంగు వెనక సగం. రెండు జడలు, నూనె కారుతూ. చూసింది. కదల్లేదు. నవ్వలేదు. శబ్దానికి భయపడిందేమో, బావ గబగబా ఇంజన్ ఆపేశాడు. చూసేసింది కదా, ఇక కొంగు వెనక్కి పోతుంది అనుకున్నాను. అత్త ఫోను నా చేతిలో పెట్టింది. నేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు, నేను నీ అమ్మనమ్మా అనలేదు, ఊరికే చూస్తున్నాను.

ఈశ్వరి కొంగు వదిలింది. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి. తెర నిండా కళ్ళే, అంత పెద్ద కళ్ళు ఫోటోలో లేవు. నా ముఖం వంక చూస్తోంది, అక్కడా ఇక్కడా, నుదురూ చెంపా ముక్కూ, ఎక్కడో ఆగి కనుబొమలు ముడిచింది.

“ఆమె మొగానికేమయింది?”

“మసి అంటినాది పాపా. నీ కోసం కారు బాగుచేస్తాంది కదా,” వెనకనుంచి ఆయమ్మ.

అప్పుడు తెర చీకటైంది. ఫోను పోయిందనుకున్నాను. పోలేదు. అది అరచెయ్యి. చిన్నది, తడిగా, గీతలు గీతలుగా, తెరంతా కప్పేసి, ఇటు జరిగింది, అటు జరిగింది. మళ్ళీ ఇటు. తీసి చూసింది. మళ్ళీ పెట్టి ఇంకాస్త గట్టిగా రుద్దింది. నా ముఖం తుడుస్తోంది. అంత దూరంలో నిలబడి, అద్దం మీద, నా ముఖం తుడుస్తోంది నా తల్లి.

“పోల్యా,” అంది ఆయమ్మ వైపు తిరిగి, మసి పోలేదని దిగులుగా.

కారు గురించి అడగలేదు. ఒక్క మాట కూడా అడగలేదు. కాల్ అయిపోయాక కూడా నేను ఫోను అలాగే ముఖం ముందు పట్టుకుని ఉన్నాను. అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, దానికి అన్నం తినిపించమని సెప్పకుండా పెట్టేసేవేటే, అని నన్ను తిట్టింది. బావ బానెట్టు మూశాడు. సామానంతా డిక్కీలో పెట్టి, నీళ్ళసీసాలు వెనక వేసి, కొత్త తుండుగుడ్డ ఒకటి తెచ్చి నాకు అందించాడు.

“పద, మొకం కడుక్కో. మసంతా ఉన్నాది.”

“ఉండనీ బావా,” అన్నాను బండెక్కి తలుపు వేసుకుంటూ. “అది తుడుస్తాది.”